ప్రభువు బల్ల - హోటల్ గ్లాసు

మా నాయిన చాయ్ తాగే గ్లాసు హోటల్ లోపల ఉండేది కాదు. బయట చూరులో చెక్కి ఉండేది. నాయినే దాన్ని తీసుకుని, తనే కడుక్కుని, రెండు చేతుల్లో పట్టుకుని వంగి నిలబడితే హోటలాయన ఎత్తునుంచి చాయ్ పోసేవాడు. తాగినంక మళ్లీ కడిగి చూరులో చెక్కాలి. పైసలు అరుగు మీద పెట్టాలి, చేతికియ్యగూడదు. ఇది మా పాలకుర్తిలో నా చిన్నప్పటి సంగతి. నాయిన పక్కన నిలబడి లోపల బెంచీల మీద కూసున్నోళ్లను చూస్తుండేవాణ్ని. అదే చాయ్, అదే చక్కెర. గ్లాసు మాత్రం వేరు.

ఎండకాలం సెలవులకు అమ్మమ్మ ఊరికి పోయేవాళ్లం. అది డోర్నకల్ దిక్కు. ఆదివారం గుడిలో అయ్యగారు ఒక పాత్ర పట్టుకుని, వరసగా మోకాళ్ల మీద ఉన్నవాళ్ల నోటికి అందించుకుంటూ పోయేవాడు. ఒకరు తాగినంక అంచును గుడ్డతో తుడిచి పక్కవాళ్లకు. మాల, మాదిగ, వాళ్లతో పాటు మతం కలిసిన ఒకటి రెండు వేరే కులాల ఇండ్లు. అన్ని నోళ్లకూ అదే పాత్ర. అమ్మమ్మ దాన్ని 'ప్రభువు బల్ల' అనేది. 

ఒకసారి అడిగాను. "అమ్మమ్మా, మా ఊర్ల హోటల్ల నాయినకు ఏరే గ్లాసుంటది. ఈడ అందరికి ఒక్కటేనా?"

"ఈడ నీ ముందు ఎవలు తాగిండ్రో, ఎనుక ఎవలు తాగుతరో చూడద్దు బిడ్డా. అట్ల చూసేటోడు తాగద్దు" అన్నది.

డోర్నకల్, పాలకుర్తి అప్పుడు ఒకే వరంగల్ జిల్లా. 2016లో జిల్లాలు విడగొట్టినంక ఒకటి మహబూబాబాద్‌లోకి, ఒకటి జనగామలోకి పోయాయి. ఒకే జిల్లాలో ఒక బల్ల దగ్గర మనిషినైన నేను ఇంకో బల్ల దగ్గర ఎందుకు కాకుండా పోయాను? అమ్మమ్మ బల్ల మా నాయిన గ్లాసును ఎందుకు మార్చలేకపోయింది? ఈ ప్రశ్న పట్టుకుని, ఆ బల్లను అక్కడ వేసినవాళ్లలో పెద్దవాడైన డోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య మాటల్ని చదవాలనుకున్నాను.

మన విమర్శకులు ఆయన పేరెత్తరు. మతం మాట రాగానే అభ్యుదయవాదులు తలుపేసుకుంటారు. జాషువా 1941లో రాసిన 'గబ్బిలా'న్ని నెత్తిన పెట్టుకుంటారు గానీ, అట్లాంటి కవి పుట్టి పెరిగిన క్రైస్తవ వాడల్లో రోజూ ఏ ప్రసంగాలు విన్నారో, ఏ మాటలతో తలెత్తుకోవడం నేర్చుకున్నారో పట్టించుకోరు. మా అమ్మమ్మ అక్షరాలు దిద్దుకున్నది ఏ గ్రంథాలయ ఉద్యమంలోనూ కాదు, కిరసనాయిలు దీపం కింద, సంఘం పంతులు నడిపిన రాత్రిబడిలో. అది తెలుగు అక్షరాస్యత చరిత్ర కాదా? ఇక సంఘాల వాళ్లేమో అజరయ్యకు దండ వేసి పటం కట్టారు. పటాన్ని ఎవరూ ప్రశ్న అడగరు. నేను అటూ ఇటూ కాకుండా, బతికిన మనిషిగా ఆయన్ని చదవదల్చుకున్నాను. ఋణం ఉన్నచోట ఒప్పుకుంటాను. కొట్లాట ఉన్నచోట కొట్లాడతాను.

ఆయన మన ప్రాంతం మనిషి కాదు. 1874లో తిరునల్వేలి దిక్కు వెళ్లాలన్‌విలై అనే ఊళ్లో పుట్టిన తమిళుడు. నాడార్ కులం. ఆ కులాన్ని కూడా ఒకప్పుడు గుడి గడప తొక్కనివ్వలేదు. తిరువాన్కూరులో ఆ కులం ఆడవాళ్లు రొమ్ము మీద గుడ్డ కప్పుకోవడానికే తరాల తరబడి పోరాడాల్సి వచ్చింది. తండ్రి ఊరి గుడిలో గురువు. అజరయ్య 1903లో తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీని, 1905లో నేషనల్ మిషనరీ సొసైటీని నిలబెట్టినవాళ్లలో ముఖ్యుడు. మనుషులు మనవాళ్లు, డబ్బు మనది, నడిపేది మనమే అన్నది ఆ సంఘాల పద్ధతి. తెల్లవాడి డబ్బుతో కొనుక్కున్న మతం అని మనల్ని ఎగతాళి చేసేవాళ్లు ఈ సంగతి ఒక్కసారి చదవాలి. 1909లో అభిషేకం పొంది డోర్నకల్ వచ్చాడు. తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆయన్ని బిషప్‌ను చేశారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. 1945 జనవరి 1న చనిపోయేదాకా, ఒక డయాసిస్‌కు పెద్దగా ఇంకో భారతీయుణ్ని ఆ సంఘం పెట్టనేలేదు. ముప్పై రెండేండ్లు ఒక్కడే! ఆ ఒంటరితనం కూడా ఒక రాజకీయమే.

ముందు ఆయన మాటల్లో నాకు అన్నిటికంటే దగ్గరిదాన్ని చెప్తాను. 1910 జూన్‌లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. పన్నెండు వందల మంది ప్రతినిధులు. అందులో ఆసియా వాళ్లు ఇరవై మంది కూడా లేరు. ముప్పై ఐదేండ్ల అజరయ్య లేచి, దేశంలో తెల్ల మిషనరీకీ నల్ల పనివాడికీ మధ్య సంబంధం ఎట్ల ఉందో చెప్పాడు. ఏండ్ల తరబడి కలిసి పనిచేసినా పనివాణ్ని ఇంటికి పిలిచి అన్నం పెట్టని మిషనరీలు ఉన్నారని చెప్పాడు. మీరు త్యాగాలు చేశారు, అవి మరిచిపోం, కానీ మాకు కావల్సింది మీ దయ కాదు, మీ స్నేహం అన్నది దాని సారాంశం. సభలో చాలామంది ముఖాలు మాడిపోయాయి. కొందరికి కోపం వచ్చింది.

ఈ ఉపన్యాసాన్ని సంఘ చరిత్రకారులు 'ప్రేమ సందేశం' అని రాస్తారు. కాదు. ఇది బల్ల దగ్గర జాగా అడిగిన మాట. తెల్లవాడు మనకు రొట్టె పంచాడు, తన భోజనబల్ల దగ్గర కుర్చీ మాత్రం వెయ్యలేదు. ఆదివారం ప్రభువు బల్ల దగ్గర ఒకే పాత్ర, సోమవారం ఇంటి బల్ల దగ్గర వేరే పళ్లెం. ఇది మా పాలకుర్తి హోటల్ కంటే ఎంత దూరంలో ఉంది? అంటరానితనాన్ని అజరయ్య మన ఊళ్లల్లోనే చూడలేదు, దొరల బంగళాలోనూ చూశాడు. చూసింది వాళ్ల గడ్డ మీదే, వాళ్ల ముఖం మీదే చెప్పాడు. దళిత సాహిత్యానికి మనం పెట్టుకున్న గీటురాయి ఏంది? అవమానాన్ని అవమానంగా పేరు పెట్టి పిలవడమే గదా. ఆ లెక్కన ఎడిన్‌బరో ఉపన్యాసం మన సాహిత్యానికి పూర్వీకమే.

కానీ ఆ ప్రశ్న డోర్నకల్ నుంచి మన గూడేల దాకా వచ్చేసరికి ఏమైంది? ఇక్కడ మాటల్ని పట్టిచూద్దాం. తెల్ల మిషనరీని మనవాళ్లు 'దొర' అన్నారు, ఆయన భార్యను 'దొరసాని' అన్నారు. మన పాస్టరును 'అయ్యగారు' అన్నారు, ఆయన భార్యను 'అమ్మగారు' అన్నారు. పాలకుర్తి మనిషి చెవితో ఈ మాటల్ని వినండి. మాకు దొర అంటే విసునూరు దేశ్‌ముఖ్. బాంచెను కాల్మొక్త అని ఎవని ముందు అనాల్నో వాడు దొర. అయ్యగారు అంటే పంచాంగం చెప్పే బాపనాయన. మనం ఊరు విడిచి గుడిలోకి పోయాం గానీ, ఊరి పిలుపులను చంకన పెట్టుకునే పోయాం.

నాకు పదేండ్లప్పుడు నాయిన నన్ను సైకిల్ మీద ఎక్కించుకుని ఒక అయ్యగారి ఇంటికి తీసుకపోయాడు. ఏ ఊరో, ఎవరో చెప్పను, అవసరం లేదు. నన్ను సంఘం హాస్టల్లో చేర్పించాలని. వాకిట్లో చెప్పులు విడిచి నాయిన నిలబడ్డాడు. అయ్యగారు వాలుకుర్చీలో కూసున్నాడు. పక్కన ఖాళీ కుర్చీ ఉంది. గంటసేపు మాట్లాడినా కూసో అనలేదు. ఆయన కాళ్లకున్న చెప్పులు మా నాయిన కుట్టినవే. అయ్యగారు పరాయోడు కాదు, మన వాడలోంచే చదువుకుని పైకొచ్చినోడు. తిరిగొస్తుంటే తొవ్వల అడిగాను, "నాయినా, నువ్వు కుర్చీల ఎందుకు కూసోలే?" అని. "కూసొమ్మనలే గదరా" అన్నాడు. హాస్టల్లో సీటు దొరికింది. ఆ హాస్టల్ అన్నం తినే నేను ఇయ్యాల ఈ అక్షరాలు రాస్తున్నాను. ఋణమూ నిజమే, ఆ ఖాళీ కుర్చీ కూడా నిజమే. 1910లో అజరయ్య తెల్లోళ్లను అడిగింది ఆ కుర్చీ గురించే. ఆ ప్రశ్నను మనం పటం వెనక దాచిపెట్టాం.

ఇక రోజువారీ బతుకు సంగతి. అజరయ్య ఎడ్లబండి మీదా సైకిల్ మీదా ఊరూరా తిరిగి నాలుగు దయ్యాల గురించి చెప్పేవాడు. మురికి, రోగం, అప్పు, తాగుడు. ఈ నాలుగింటినీ వెళ్లగొట్టమన్నాడు. మా అమ్మమ్మ వాటిని వేళ్ల మీద లెక్కపెట్టేది. ఇల్లు అలుకుతూ ఒకటి, మా మామ కల్లు తాగొస్తే తిడుతూ ఒకటి! పరలోకం గురించి మాత్రమే చెప్పి పోయే బోధ కాదు అది. నీళ్లు కాచుకోమన్నది, అప్పు చేసి పెండ్లి చెయ్యొద్దన్నది, ఆడపిల్లకు పలక కొనియ్యమన్నది. బాప్తిస్మం తీసుకున్న ప్రతి మనిషితో తలమీద చెయ్యి పెట్టించి, సువార్త చెప్పడం నా బాధ్యత అని అనిపించేవాడట. ఒక్కసారి ఆలోచించండి. ఊళ్లో నోరెత్తే హక్కు లేని మాదిగకు 'నువ్వు చెప్పాలి, నలుగురు వినాలి' అని ఒకడు బాధ్యత పెట్టాడు. మన వాడల్లో ఇయ్యాల మైకు ముందు వణకకుండా మాట్లాడే కార్యకర్తలు ఎంతమంది ఆదివారం బడిలో నోరు తిరిగినవాళ్లో, మీరే లెక్కపెట్టుకోండి.

కానీ అయిదో దయ్యం ఎక్కడ? ఆ జాబితాలో వెట్టి లేదు. భూమి లేదు. దొర లేడు. అప్పు ఉంది గానీ అప్పిచ్చేవాడు లేడు. తాగుడు ఉంది గానీ, మాదిగ సచ్చిన పశువును మోసి, తోలు తీసి, ఊరందరికీ చెప్పులు కుట్టి, పొద్దుగూకినంక ఎందుకు తాగుతాడో లేదు. మురికి మన ఒంటి మీదిది అయినట్టూ, సబ్బుతో పోయేది అయినట్టూ ఉంది. మా నాయిన గ్లాసును రోజూ బూడిదతో తోమేవాడు. హోటల్లో అంతకంటే శుభ్రమైన గ్లాసు ఉండేది కాదు. అయినా అది చూరులోనే ఉంది. మురికి గ్లాసులో లేదు కనుక.

అజరయ్య కాలానికే ఆ అయిదో దయ్యం మా పక్కన నిద్రలేచి తిరుగుతున్నది. ఆయన చనిపోయిన ఏడాదిన్నరకు, 1946 జూలై 4న, కడవెండిలో దొర గూండాల తూటాలకు దొడ్డి కొమురయ్య పడిపోయాడు. మా పాలకుర్తి పొలంలోనే చాకలి ఐలమ్మ తన పంటను దేశ్‌ముఖ్ మనుషుల చేతికి పోనియ్యకుండా సంఘం అండతో ఇంటికి చేర్చుకున్నది. 1951 దాకా ఈ నేల మండింది. ఒక దిక్కు సంఘం అంటే గుడి, ఒక దిక్కు సంఘం అంటే ఎర్రజెండా. మాట ఒక్కటే. మా ఇంట్లో ఈ రెండు సంఘాలూ ఉన్నాయి. అమ్మ తరఫు వాళ్లకు మొదటిది, నాయిన తరఫు వాళ్లకు రెండోది. గుడి సంఘం దొర గురించి మాట్లాడలేదు. జెండా సంఘం హోటల్ గ్లాసు గురించి మాట్లాడలేదు. భూమి పంచినప్పుడు కూడా మాదిగ గూడెం చివరనే ఉన్నది. ఇద్దరూ మాకు సగం సగం ఇచ్చారు. రెండు సగాలూ కలిపి ఒకటి చేసుకునే పని మాకే మిగిలింది.

అజరయ్య రాతల్లో ఇంకో ముఖ్యమైన విషయం ఇవ్వడం. క్రైస్తవుడు ఇవ్వడం ఎట్ల నేర్చుకోవాలి అన్నదాని మీద ఇంగ్లీషులో ఆయన ఒక పుస్తకమే రాశాడు. కూలోళ్ల సంఘం కదా, వీళ్లేమిస్తారు అనుకోలేదు. పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు ఆడవాళ్లు పిడికెడు బియ్యం పక్కకు తీసి కుండలో వేసి, ఆదివారం గుడికి తెచ్చేవాళ్లు. కోతపండుగకు కోడిపిల్ల, గుమ్మడికాయ, జొన్నకంకులు. డోర్నకల్ కెథెడ్రల్ కట్టడానికి పాతికేండ్లు పట్టింది. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. దాని గుమ్మటాలు చూస్తే మసీదు గుర్తుకొస్తుంది, స్తంభాలు చూస్తే గుడి గుర్తుకొస్తుంది. మా అమ్మమ్మకు మాత్రం దాన్ని చూస్తే పిడికెడు బియ్యం గుర్తుకొచ్చేది. "అండ్ల నా బియ్యం ఉన్నయి" అనేది. ఊళ్లో జన్మంతా అడుక్కునే కులంగా చూసినవాళ్ల ముందు, ఇచ్చే మనిషిగా నిలబడడం చిన్న సంగతి కాదు. దీన్ని 'మిషనరీల దోపిడీ' అని ఒక్క మాటతో కొట్టేసే వాళ్లతో నేను ఒప్పుకోను. కానీ ఆ పిడికెడు ఎవరి పళ్లెంలోంచి పోయింది? ఇంట్లో చివరన తినేది ఆడమనిషి. బియ్యం తగ్గితే తగ్గేది ఆమె ముద్దే. త్యాగం గురించి రాసిన చేతులు ఆమె ఆకలి గురించి కూడా రాసి ఉంటే ఆ బోధ ఇంకా నిండుగా ఉండేది.

ఇక రాజకీయం. ఇక్కడ నా కొట్లాట పెద్దది.

1935 అక్టోబర్ 13న యేవలాలో అంబేడ్కర్, నేను హిందువుగా చావను అని ప్రకటించాడు. దేశంలోని మతాలన్నీ ఉలిక్కిపడ్డాయి. 1936లో మిషనరీ నాయకుడు జాన్ మాట్‌తో మాట్లాడుతూ గాంధీ, ఆవుకు సువార్త చెబుతారా అని అడిగాడు. అంటే అంటరానివాడికి మతం గురించి ఆలోచించే బుద్ధి లేదని! ఆ కాలంలో డోర్నకల్ డయాసిస్‌లో మాల మాదిగలు వేలమంది తమంతట తాము ఆలోచించుకుని, పెద్దమనుషులు కూసుని మాట్లాడుకుని, వాడలకు వాడలు నిర్ణయం తీసుకుంటున్నారు. అజరయ్య ఆ నిర్ణయాన్ని గౌరవించాడు, గాంధీ విమర్శకు తలవంచలేదు. ఆ తెగువకు దండం పెడతాను. సంఘాల్లో ఒక మాట చెప్పుకుంటారు. మేము మీ మతంలోకి వస్తే మీ ఇన్ని శాఖల్లో దేంట్లో కలవాలె, మా ఐక్యత ఏమైపోవాలె అని అంబేడ్కర్ అడిగితే అజరయ్య దగ్గర జవాబు లేకపోయిందట. అందుకే చివరిదాకా శాఖలన్నీ ఒకటి కావాలని తిరిగాడంటారు. ఆయన పోయిన రెండేండ్లకు, 1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది.

అయితే క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నవాళ్లలో అజరయ్య కూడా ఒకడు. సంఘం రాజకీయ కులం కాగూడదు, సీట్ల కోసం బతికేది కాగూడదు, దేశంలో కలిసి నడవాలి అన్నది ఆయన వాదం. విశ్వాసం దిక్కు నుంచి చూస్తే అది గొప్ప మాట. కానీ వాడ దిక్కు నుంచి చూడండి. సీటు వద్దనడానికి ముందు సీటు ఉండాలె గదా! పై కులాల నుంచి వచ్చిన క్రైస్తవ వకీలు వద్దంటే అది త్యాగం. ఓటు మొఖం చూడని మాదిగ తరఫున ఇంకొకరు వద్దంటే అది ఏమవుతుంది? అంబేడ్కర్ మతం మారిన అంటరానివాళ్ల గురించి రాసిన వ్యాసాలు ఆయన పోయిన చానా ఏండ్లకు, 1989లో రచనల అయిదో సంపుటిలో అచ్చయ్యాయి. సాటి మనిషికి జరిగే అన్యాయం మీద భారతీయ క్రైస్తవుడు ఎందుకు నోరెత్తడు అని అందులో నిలదీశాడు. మన క్రైస్తవ విద్యార్థులు బైబిల్ పక్కన పెట్టుకుని చదవాల్సిన పుటలు అవి.

1950 ఆగస్టులో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. షెడ్యూల్డ్ కులంవాడు హిందువై ఉండాలన్నది. 1956లో సిక్కులను చేర్చారు, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుణ్ని, ముస్లింను బయటే ఉంచారు. మనకు బీసీ-సీ అని ఒక్క శాతం విదిలించారు. దీనికి అజరయ్య కారణం అని నేను అనను. ఆయన అప్పటికి బతికి లేడు. కానీ రాజకీయం మన పని కాదు అని నేర్చుకున్న సంఘం, రాజకీయం తన మెడ మీదికి వచ్చిన రోజు అరవడం కూడా రాక నిలబడిపోయింది. ఇది ఒప్పుకోవాలి.

నాకు రెండు పేర్లున్నాయి. గుడిలో ఒకటి, బడిలో ఒకటి. మీలో చానామందికి ఉంటాయి, దాచుకోవద్దు. సర్టిఫికెట్ కోసం ఒక ఆఫీసుకు పోతే అక్కడి గుమాస్తా నన్ను కిందికీ మీదికీ చూసి, "మీ ఇంట్ల గోడకు ఏ పటం ఉంటది?" అన్నాడు. మా నాయిన "ఏ పటం లేదు సార్, కలెండరుంటది" అన్నాడు. నిజమే చెప్పాడు. విచారణకు వస్తారంటే ముందు రోజు రాత్రి అమ్మ ఆ పటం తీసి సందుగలో బట్టల కింద పెట్టింది. పెడుతూ ఏడ్చింది. ప్రభువును ఎరగనని ముమ్మారు బొంకిన పేతురు కథ ఆదివారం విన్న మనిషి ఆమె. నా చదువు కోసం ఆమె ఆ బొంకు ఆడింది. ఏ పాపం ఎవరిది? కొలువు కోసం విశ్వాసాన్ని దాచుకున్న తల్లిదా, విశ్వాసం ఉంటే కొలువు లేదన్న సర్కారుదా? హోటలాయన మా నాయిన మతం ఏందని ఎప్పుడూ అడగలేదు. కులమే అడిగాడు. సర్కారు మాత్రం మతం అడుగుతుంది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ మతం షరతు తీసెయ్యమన్నది. 2022లో మళ్లీ బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, మతం మారినవాడికి అట్రాసిటీ చట్టం వర్తించదన్నది. కొట్టేటోనికి లేని అనుమానం కోర్టుకు ఎక్కడినుంచి వచ్చింది?

మనలో మనం కూడా మాట్లాడుకోవాలి. ఒకే పాత్ర అన్నాను. పాత్ర ఒకటే, నిజం. కానీ పిల్లల పెండ్లి మాట వస్తే మాలసంఘం వేరు, మాదిగసంఘం వేరు. అయ్యగార్ల కొలువులు, హాస్టల్ సీట్లు, కమిటీ పదవులు ఎవరికెన్ని అని లెక్క అడిగితే గుడిలో గొడవ అంటారు. 1994లో దండోరా లేచినప్పుడు "ప్రభువులో కులం లేదు, ఈ లెక్కలెందుకు" అన్నవాళ్లను నేను చూశాను. లెక్క మిగతావాళ్లకు నొప్పి, లెక్కలో లేనోడికి అన్నం. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ సరే అన్నది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో అమలులోకి వచ్చింది. మాదిగ పోరాటం ముప్పై ఏండ్లకు గెలిచింది. కాగితం మీద క్రైస్తవుడైన మాదిగ మాత్రం ఆ గెలుపు బయటే నిలబడి చూస్తున్నాడు. డప్పు కొట్టింది వాడే.

ఇంత రాసినంక మా ఊరి సంగతి చెప్పకపోతే తప్పు. పాలకుర్తి అంటే పండితులకు పాల్కురికి సోమనాథుడు. ఆయన బసవపురాణంలో మాదర చెన్నయ్య కథ ఉంది. కరికాల చోళుని గుర్రాలకు గడ్డి కోసే మాదిగ చెన్నయ్య. రాజు పెట్టిన పంచభక్ష్యాలు విడిచి, శివుడు వచ్చి చెన్నయ్య అంబలి తాగుతాడు. రాజుకు తెలిసి వచ్చి చెన్నయ్య కాళ్ల మీద పడతాడు. బడిలో ఈ కథ విన్నరోజు గర్వంతో ఇంటికి ఉరికొచ్చి నాయినకు చెప్పాను. నాయిన తోలు గీకుతూ విన్నాడు. "దేవుడు తాగిండు, మంచిగున్నది. మరి ఆయన తాగిన గిన్నెను ఊరోళ్లు ముట్టిండ్రా?" అన్నాడు.

అక్షరం రాని మా నాయిన చేసిన ఆ విమర్శను మించింది నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. సోమనాథునికీ అజరయ్యకూ మధ్య ఏడువందల ఏండ్లు. ఇద్దరూ దేవుణ్ని మన గిన్నె దాకా తెచ్చారు. ఇద్దరికీ మనం ఋణపడ్డాం. దేవుడు రావడం కష్టం కాదని తేలిపోయింది. పక్కింటోడు రావడమే కష్టం. అజరయ్యను నేను విడిచిపెట్టను, పూజించను. ఎడిన్‌బరోలో ఆయన అడిగిన ప్రశ్నను ఆయన జాబితాకే తిప్పి అడుగుతాను. ఆయన నేర్పిన పద్ధతే అది.

మొన్న చాలా ఏండ్లకు అమ్మమ్మ ఊరి గుడికి పోయాను. అమ్మమ్మ లేదు. కరోనా తర్వాత పాత్ర తీసేశారట. పళ్లెంలో వరసగా చిన్న చిన్న ప్లాస్టిక్ గ్లాసులు, మనిషికొకటి. "శుభ్రత కోసమే అన్నా" అన్నాడు కుర్ర అయ్యగారు. తప్పని నేను అనలేను. తిరిగి పాలకుర్తి వచ్చి బస్టాండు దగ్గర చాయ్ తాగాను. అందరికీ కాగితపు గ్లాసే. చూరూ లేదు, చూరులో గ్లాసూ లేదు. ఆ గ్లాసును తీసెయ్యడానికి కొట్లాడిన పిల్లలు మా వాడలో ఉన్నారు, వాళ్లను మరువను. కానీ కాగితపు గ్లాసు వచ్చిననాడు హోటలాయన మనసు ఏమీ మార్చుకోవాల్సిన పని లేకపోయింది. తాగి పారేస్తే సరిపోయింది.

ఆ చాయ్ తాగుతుంటే పక్కనున్న పటేల్ల పిల్లగాడు, నా దగ్గర చదువుకున్నవాడే, "సార్, మా ఇంటికి ఎన్నడు రాలేదు మీరు" అన్నాడు. "నువ్వు మా ఇంటికొచ్చి తిను, నేనొస్త" అన్నాను. నవ్వి, వస్త సార్ అన్నాడు.

ఇంకా రాలేదు. పళ్లెం కడిగిపెట్టి ఉంచాను.